పాడలేదు, వాయించలేదు: మరి స్టూడియో వన్ యజమాని కాక్సన్ డాడ్ చేసిన పనేమిటి?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "అన్నా, ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్నాను. రెగే అంటే ప్రాణం. జమైకాలో స్టూడియో వన్ నడిపిన కాక్సన్ డాడ్ గురించి ఎక్కడ చూసినా రెండే మాటలు. రెగేకి ఆయనే పునాది అంటారు కొందరు. బాబ్ మార్లీ లాంటివాళ్ల కష్టం తిన్నాడంటారు ఇంకొందరు. ఆయన పాడడు, వాయించడు. మరి నిర్మాతగా ఆయన చేసిందేమిటి? మాలాంటివాళ్లకు ఆయన కెరీర్‌లో పనికొచ్చేది ఏమన్నా ఉందా?"

తమ్ముడూ, నేను ముప్ఫై ఏళ్లకు పైగా రికార్డిస్టుగా పని చేస్తున్నాను. టేపు రోజుల్లో మద్రాసులో అసిస్టెంటుగా చేరాను. తర్వాత హైదరాబాద్ వచ్చి, చివరికి సొంతంగా ఒక స్టూడియో పెట్టుకున్నాను. జమైకా ఎప్పుడూ వెళ్లలేదు. కానీ స్టూడియో వన్ రికార్డులు పాతికేళ్లుగా వింటున్నాను, మైకు ఎక్కడ పెట్టి ఉంటారో, ఎంతమంది ఆ గదిలో కూర్చుని ఉంటారో ఊహించుకుంటూ. కాబట్టి కొంచెం పెద్ద జవాబే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందే ఒక మాట. నువ్వు విన్న రెండు మాటలూ నిజమే. వాటిని విడదీసి చూస్తే మాత్రం ఏదీ అర్థం కాదు. ఏ ఏర్పాటు వల్ల ఆ సంగీతం పుట్టిందో, ఆ ఏర్పాటులోనే ఆ అన్యాయమూ ఉంది.

క్లెమెంట్ సేమూర్ డాడ్ 1932 జనవరి 26న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. కాక్సన్ అనేది క్రికెట్ వల్ల వచ్చిన పేరు. బడిలో ఆట బాగా ఆడేవాడని, అప్పట్లో యార్క్‌షైర్ జట్టులో పేరున్న అలెక్ కాక్సన్ పేరుతో తోటి పిల్లలు పిలిచారు. ఆ అలెక్ కాక్సన్ ఇంగ్లండ్ తరఫున ఆడింది ఒకే ఒక్క టెస్టు, 1948లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద. ఎక్కడి యార్క్‌షైర్, ఎక్కడి కింగ్‌స్టన్!

ఇంట్లోవాళ్లకు దుకాణం ఉండేది. అక్కడికి వచ్చేవాళ్లకు రికార్డులు వేసి వినిపించడంతో మొదలైంది ఈయన పని. తర్వాత చెరుకు నరికే సీజన్ కూలీగా అమెరికా దక్షిణాదికి వెళ్లాడు. అక్కడ నల్లవాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ విన్నాడు, రికార్డులు కొన్నాడు, వాటితో పాటు ఆంప్లిఫయర్, స్పీకర్ సామాను తెచ్చుకున్నాడు. 1954లో సొంత సౌండ్ సిస్టమ్ మొదలుపెట్టాడు. పేరు "సర్ కాక్సన్స్ డౌన్‌బీట్". తాను ఊళ్లో లేనప్పుడు తల్లి డోరిస్ డార్లింగ్టన్ దాన్ని నడిపేది. ఆమె గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ, కొడుకు వ్యాపారంలో మొదటి భాగస్వామి ఆమే అని నా అభిప్రాయం.

సౌండ్ సిస్టమ్ అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పడం తేలిక. మన ఊళ్లలో పెళ్లికీ జాతరకీ మైక్‌సెట్ పెట్టిస్తాం కదా. అక్కడ వేడుక వేరే ఉంటుంది, మైక్‌సెట్ దానికి తోడు. కింగ్‌స్టన్‌లో మైక్‌సెట్టే వేడుక. బీరువాల్లాంటి స్పీకర్ పెట్టెలు ఖాళీ స్థలంలో నిలబెట్టి, గేటు దగ్గర డబ్బు తీసుకుని, లోపల బీరు అమ్ముకుంటూ తెల్లవారేదాకా పాటలు వేస్తారు. పేదవాడికి రేడియో లేదు, ఉన్నా తనకు నచ్చిన పాట అందులో రాదు. శనివారం రాత్రి ఈ ఆవరణే అతనికి అన్నీ. రెండు వీధుల అవతల ఇంకొకడి సిస్టమ్ మోగుతుంటుంది. ఎవరి పాట బాగుంటే జనం అటు పోతారు.

డాడ్‌కి అసలు పోటీ డ్యూక్ రీడ్. మాజీ పోలీసు, మద్యం దుకాణం యజమాని, తుపాకీ నడుముకి పెట్టుకుని డాన్సులకు వచ్చే మనిషి. ఇద్దరికీ కావలసింది ఒకటే, అవతలివాడి దగ్గర లేని రికార్డు. అందుకే అమెరికా నుంచి తెచ్చిన రికార్డు మీద లేబుల్ గీకి పారేసేవాళ్లు. పాట ఎవరిదో, ఏ కంపెనీదో ఎవరికీ తెలియకూడదు. విల్లిస్ జాక్సన్ అనే శాక్సోఫోన్ వాద్యకారుడి రికార్డు ఒకటి డాడ్ దగ్గర అలా ఉండేది. దానికి "కాక్సన్ హాప్" అని తనే పేరు పెట్టుకుని, తన సిస్టమ్‌కి జెండా పాటలా వాడుకున్నాడు. చాన్నాళ్లు వెతికి డ్యూక్ రీడ్ ఆ రికార్డు సంపాదించి ఒక రాత్రి తన సిస్టమ్ మీద వేసేశాడు. డాడ్ దెబ్బతిన్న రాత్రి అది. జమైకా సంగీతం గురించి మాట్లాడేవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. స్టూడియో పెట్టక ముందు తొమ్మిదేళ్ల పాటు ఆయన రాత్రుళ్లు జనం కాళ్లు చూశాడు. పాట మొదలై తాళం నాలుగో చుట్టు తిరిగేసరికి కాళ్లు కదిలాయా, కదిలినవి మధ్యలో ఆగాయా, ఏ చోట ఆగాయి, మళ్లీ వెయ్యమని ఎక్కడ కేకలు వేశారు. ఏ సంగీత కళాశాలా నేర్పని చదువు అది. మనం గదిలో కూర్చుని, ఖరీదైన మానిటర్ స్పీకర్ల ముందు "మిక్స్ బాగుంది" అనుకుంటాం. బయట ఆటోలో, బస్సులో, పెళ్లి పందిట్లో అది ఎలా వినిపిస్తుందో చూసేవాళ్లు ఎంతమంది? డాడ్‌కి వినిపించే చోటు ముందొచ్చింది, తయారుచేసే చోటు తర్వాత వచ్చింది.

1950ల చివరికి అమెరికాలో గాలి రాక్ అండ్ రోల్ వైపు తిరిగింది. జమైకా జనానికి కావలసిన బరువైన బ్లూస్ రికార్డులు రావడం తగ్గిపోయింది. ఇక మనమే చేసుకుందాం అని సౌండ్ సిస్టమ్ యజమానులు రికార్డింగుకి దిగారు. కెన్ ఖౌరీ నడిపే ఫెడరల్ స్టూడియోలో గంటల లెక్కన అద్దె కట్టి డాడ్ మొదటి పాటలు తీశాడు. మొదట్లో ఇవి అమ్మకానికి కాదు. ఒక్క కాపీ మాత్రం మెత్తటి అసిటేట్ డిస్క్ మీద కోయించుకుని తన సిస్టమ్ మీద వేసేవాడు. అదే డబ్‌ప్లేట్. పదే పదే వేస్తే గాడి అరిగిపోయేది. జనం వారం వారం అదే పాట అడుగుతుంటే అప్పుడు ప్రెస్ చేయించి అమ్మేవాడు. థియోఫిలస్ బెక్‌ఫర్డ్ పియానో మీద పాడిన "ఈజీ స్నాపిన్" అలా కొన్నేళ్లు డాన్సుల్లో మోగాక 1959లో గానీ దుకాణంలోకి రాలేదు. అంటే మార్కెట్ రిపోర్టు చేతికొచ్చాకే సరుకు తయారైంది.

ఆ పాటలో వినిపించే వింత, పియానో దెబ్బ పడే చోటు. మనం తాళం వేసేటప్పుడు చేయి తొడ మీద పడుతుంది, తర్వాత పైకి లేస్తుంది. ఆ లేచే చోట దెబ్బ వేస్తారు వీళ్లు. స్కా అనే సంగీతమంతా ఆ లేచిన చేతిలోంచే వచ్చింది. 1962 ఆగస్టు 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఆ ఉత్సాహానికి సరిపోయే పరుగు స్కాలో ఉంది. తర్వాత 1966 ప్రాంతంలో పరుగు తగ్గి రాక్‌స్టెడీ, ఇంకో రెండేళ్లకు రెగే.

1963లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్డు, 13 నంబరులో స్టూడియో తెరిచాడు. అంతకు ముందు అక్కడ "ది ఎండ్" అనే నైట్‌క్లబ్ ఉండేది. జమైకాలో నల్లవాడి సొంత రికార్డింగ్ స్టూడియో అదే మొదటిది. టేపు మీద శబ్దాన్ని విడిగా పట్టే వరసని ట్రాక్ అంటాం. మొదట అక్కడ ఒకటే ట్రాక్, తర్వాత రెండు. సామాను గొప్పదేం కాదు. మద్రాసులో నేను చేరిన థియేటర్‌లో ఉన్నదానికన్నా తక్కువ.

ఏమిటి గొప్ప మరి? గడియారం. అద్దె స్టూడియోలో గోడ మీద గడియారం తిరుగుతూ ఉంటుంది. అందరి కళ్లూ దాని మీదే. నేను అనుభవించాను. మూడో టేక్‌కి ఫ్లూట్ ఆయనకి కొత్త ఆలోచన వస్తే "కాల్‌షీట్ అయిపోతోంది, ఉన్నది ఓకే చెయ్యి" అని కేక. సొంత గది ఉంటే ఆ టెన్షన్ పోతుంది. పొద్దున వచ్చినవాళ్లు వాయిస్తారు, తింటారు, ఆవరణలో కూర్చుని వాదించుకుంటారు, మళ్లీ వాయిస్తారు. బాగోలేనిది పారేస్తారు. స్టూడియో వన్ ఆవరణ అలాంటిది. ఆదివారం ఆడిషన్లు. కింగ్‌స్టన్ వాడల్లోంచి కుర్రాళ్లు బారులు తీరి వచ్చేవాళ్లు. కుర్రాళ్లను వినడం, పాటలు ఏరడం లాంటి పనులు చేసినవాళ్లలో లీ పెర్రీ ఒకడు. తర్వాత తనే పెద్ద నిర్మాత అయ్యాడు.

వాయిద్యకారుల్లో చాలామంది ఆల్ఫా బాయ్స్ స్కూల్ నుంచి వచ్చినవాళ్లు. సన్యాసినులు నడిపే ఆ బడిలో పేద పిల్లలకు బ్యాండు నేర్పేవాళ్లు. ట్రాంబోన్ డాన్ డ్రమ్మండ్, శాక్సోఫోన్ టామీ మెకూక్ అక్కడివాళ్లే. వీళ్లంతా జాజ్ మనుషులు. డాడ్‌కీ జాజ్ అంటే ఇష్టం. 1962లో, డబ్బు రాదని తెలిసీ, వీళ్లలో కొందరితో ఒక జాజ్ ఎల్పీ తీశాడు. వ్యాపారి అన్నవాడు చేసే పని కాదు అది. 1964లో వీళ్లే స్కాటలైట్స్ అయ్యారు. ఆ బ్యాండు నిలిచింది ఏడాదికి పైచిలుకు, అంతే. 1965లో విడిపోయింది. కానీ ఆ కొద్ది కాలంలో వాయించినదాని మీద ఒక దేశం సంగీతం నిలబడింది.

ఆ గదికి 1964లో వచ్చినవాళ్లలో వేలర్స్ అనే గాయక బృందం ఉంది. బాబ్ మార్లీ, పీటర్ టాష్, బన్నీ ముగ్గురూ ఇరవై ఏళ్ల లోపు, ఇంకా మీసం సరిగా రాని వయసు. "సిమ్మర్ డౌన్" వెనక స్కాటలైట్స్ వాయించారు, జమైకాలో అది మొదటి స్థానానికి వెళ్లింది. మార్లీ తల్లి అప్పటికి అమెరికా వెళ్లిపోయింది. కుర్రాడికి ఉండటానికి చోటు లేదు. డాడ్ స్టూడియో వెనక గది ఇచ్చాడు. అమెరికా రికార్డులు విని ఎవరికి ఏ పాట నప్పుతుందో చూసిపెట్టే పని కూడా అప్పగించాడు. రెండేళ్లలో దాదాపు వంద పాటలు. తర్వాత ప్రపంచమంతా పాడుకున్న "వన్ లవ్" మొదటిసారి రికార్డయింది 1965లో, ఇక్కడే, స్కా పరుగులో. 1966లో డబ్బు దగ్గర తేడా వచ్చి వేలర్స్ బయటికి వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక సంగతి నా మనసులో ఎప్పుడూ మెదులుతుంది. 1969లో మార్లీ సొంత ఊరి వైపు, సెయింట్ ఆన్ ప్రాంతంలో విన్‌స్టన్ రాడ్నీ అనే కుర్రాడు ఆయన్ని కలిసి, పాటలు రికార్డు చేయాలనుంది, ఎక్కడికి వెళ్లమంటావని అడిగాడు. మార్లీ చూపించింది స్టూడియో వన్‌నే. ఆ రాడ్నీయే బర్నింగ్ స్పియర్. డబ్బు దగ్గర మండి బయటికి వచ్చిన మనిషి, మూడేళ్ల తర్వాత కొత్త కుర్రాణ్ని మళ్లీ అదే గుమ్మానికి పంపాడు. పని నేర్చుకోవాలంటే అదే చోటని ఆయనకి తెలుసు. డాడ్ మీద ఎన్ని ఫిర్యాదులు చదివినా, ఈ సాక్ష్యం నాకు పెద్దది.

వేలర్స్ వెళ్లాక స్టూడియో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నిజానికి అసలు గొప్ప కాలం అప్పుడే మొదలైంది. దానికి కారణం జాకీ మిట్టూ అనే కీబోర్డు కుర్రాడు. 1948లో పుట్టాడు. స్కాటలైట్స్‌లో చేరేనాటికి పదహారేళ్లు. స్కాటలైట్స్ విడిపోయాక స్టూడియో బ్యాండు బాధ్యత అతని మీద పడింది. అదే బ్యాండు సోల్ బ్రదర్స్ అయింది, సోల్ వెండర్స్ అయింది, తర్వాత సౌండ్ డైమెన్షన్ అయింది. చివరి పేరు స్టూడియోకి కొత్తగా వచ్చిన ఎకో మిషన్ పేరు. మిషన్ పేరు బ్యాండ్‌కి పెట్టుకున్నారంటేనే ఆ శబ్దం వాళ్లకి ఎంత నచ్చిందో చూడు. హెప్టోన్స్ గాయకుడు లెరాయ్ సిబుల్స్ బేస్ గిటారు పట్టుకుని, ఎవరు ఏం వాయించాలో కూర్చే అరేంజర్ అయ్యాడు. సిల్వాన్ మోరిస్ రికార్డిస్టుగా కన్సోల్ దగ్గర కూర్చున్నాడు. మార్సియా గ్రిఫిత్స్, ఆల్టన్ ఎల్లిస్, కెన్ బూత్, డెల్‌రాయ్ విల్సన్, జాన్ హోల్ట్, తర్వాత హోరేస్ ఆండీ, పన్నెండు పదమూడేళ్ల డెన్నిస్ బ్రౌన్. ఈ గాయకులందరూ ఆ ఒక్క గుమ్మం తొక్కినవాళ్లే.

ఇప్పుడు నీ హెడ్‌ఫోన్ తీసుకో. 1960ల చివరి స్టూడియో వన్ పాట ఏదైనా, పాత స్టీరియో ముద్రణ దొరికితే, పెట్టు. కొన్నింటిలో ఒక చెవిలో గొంతు, రెండో చెవిలో వాయిద్యాలన్నీ ఉంటాయి. గొంతు వైపు తీసేసి విను. ఏం మిగిలింది? డ్రమ్ము చాలా తక్కువ వాయిస్తోంది. గిటారు, పియానో ఒకే చోట చిన్న దెబ్బ వేసి ఊరుకుంటున్నాయి. మధ్యలో బేస్ నడుస్తోంది. గమనించు, బేస్ అన్ని బీట్లూ నింపదు. రెండు మూడు స్వరాలు పలికి ఆగుతుంది. ఆ ఆగిన చోటే నీ శరీరం ముందుకు ఒరుగుతుంది. "రియల్ రాక్" అనే వాద్య సంగీతంలో ఆ బేస్ లైను ఒక్కటి చాలు, పొద్దస్తమానం వినొచ్చు.

ఇలా ఎందుకుందంటే, రెండే ట్రాకులు గనుక. ఒక ట్రాకులో బ్యాండు మొత్తం ఒకేసారి వాయిస్తుంది, తర్వాత రెండో ట్రాకులో గొంతు. బ్యాండు ట్రాకులో తర్వాత మార్చడానికి ఏమీ లేదు. బేస్ పెద్దదైతే పెద్దదే. కాబట్టి గదిలోనే తూకం కుదరాలి, ఒకరు ఎక్కువ వాయిస్తే ఇంకొకరు పోతారు. నేను టేపు మీద నేర్చుకున్నవాణ్ని గనుక చెబుతున్నాను, ఇవాళ్టి అరవై నాలుగు ట్రాకుల సెషన్‌లో ఆ మర్యాద ఉండదు. అందరూ నిండా వాయించేసి "మిక్స్‌లో చూసుకుందాంలే" అంటారు.

ఆ రెండు ట్రాకుల వల్ల ఇంకొకటి కూడా జరిగింది, మొదట ఎవరూ ఊహించనిది. గొంతు వేరుగా ఉంది కాబట్టి, అది తీసేస్తే కింద వాయిద్యం చెక్కుచెదరకుండా మిగులుతుంది. దాని మీద ఇంకో గాయకుడు ఇంకో పాట పాడొచ్చు. జమైకాలో దాన్ని రిడిమ్ అంటారు. 1970లలో చానెల్ వన్ లాంటి పోటీ స్టూడియోలు పాత స్టూడియో వన్ రిడిమ్‌లను కొత్తగా వాయించి హిట్లు కొట్టసాగాయి. డాడ్ దగ్గర ఒరిజినల్ టేపులే ఉన్నాయి. షుగర్ మైనాట్ అనే కుర్రాడు ఆ పాత టేపుల మీద తన సొంత మాటలు పాడటం మొదలుపెట్టాడు. 1978లో వచ్చిన అతని మొదటి ఆల్బం అలా తయారైందే. విల్లీ విలియమ్స్ "రియల్ రాక్" మీద పాడిన "ఆర్మగిడియన్ టైమ్"ని 1979లో లండన్‌లో క్లాష్ బ్యాండు మళ్లీ పాడింది. పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం నలుగురు వాయించిన ముక్క, ఇంకో తరానికి, ఇంకో దేశానికి తిండి పెట్టింది. తర్వాత వచ్చిన డాన్స్‌హాల్ అనే సంగీతమంతా ఈ పద్ధతి మీదే పెరిగింది.

ఇక రెండో మాటకి వస్తాను. ఇది రాస్తుంటే నాకు కష్టంగానే ఉంటుంది.

వాయించినవాళ్లకు డబ్బు వాయించిన రోజున ఇచ్చేవారు, లేదా వారం జీతం. అక్కడితో లెక్క సరి. ఆ తర్వాత ఆ ముక్క వంద పాటలకు కింద మోగినా వాయించినవాడికి రూపాయి లేదు. రికార్డు లేబుల్ మీద రచయిత స్థానంలో చాలాచోట్ల సి. డాడ్ అనే పేరు కనిపిస్తుంది. ఆయన తప్పొక్కటే అనలేం, ఆ రోజుల్లో కింగ్‌స్టన్ నిర్మాతలందరి పద్ధతీ అదే. అప్పటి కాపీరైటు చట్టం 1911 నాటి బ్రిటిష్ చట్టం. జమైకా సొంత చట్టం 1993 సెప్టెంబరులో గానీ అమల్లోకి రాలేదు. పాతికేళ్ల సంగీతం ఆ చీకట్లోనే తయారైపోయింది.

"అందరూ అంతే" అన్న మాటతో నేను ఆగలేను. సిబుల్స్ బేస్ లైను ఉన్న "ఫుల్ అప్" రిడిమ్ ప్రయాణం చూడు. దాని మీద మైటీ డైమండ్స్ అనే బృందం వాళ్లు ఒక పాట చేశారు. 1982లో ఆ పాటనే కొంచెం మార్చుకుని మ్యూజికల్ యూత్ అనే పిల్లల బ్యాండు పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ బేస్ లేకపోతే ఆ పాట లేదు. బేస్ పుట్టిన రోజున, వాయించినవాడి చేతికి వచ్చింది ఆ రోజు కూలి. అంత దూరం ఆ లైను వెళ్తుందని ఆ రోజు డాడ్‌కీ తెలియదు, సిబుల్స్‌కీ తెలియదు, అది ఒప్పుకుంటాను. కానీ తెలిసిన తర్వాత కూడా లెక్క తిరగరాయని చోటే తప్పు ఉంది.

అబిసీనియన్స్ అనే బృందం కథ ఇంకో రకం. ముగ్గురు గాయకులు 1969లో స్టూడియో వన్‌లో "సట్టా మసగానా" పాడారు. ఇథియోపియా మాటలు కలిసిన భక్తి పాట, మెల్లగా, బరువుగా నడుస్తుంది. డాడ్‌కి అది అమ్ముడుపోతుందని అనిపించలేదు, టేపు పక్కన పెట్టేశాడు. 1971లో ఆ ముగ్గురూ 90 పౌండ్లు కూడబెట్టుకుని తమ పాట టేపు తామే కొనుక్కుని సొంత లేబుల్ మీద విడుదల చేశారు. జమైకాలో పుట్టిన రస్తాఫారీ మతాన్ని నమ్మేవాళ్లు ఈ రోజుకీ దాన్ని కీర్తనలా పాడుకుంటారు. జనం కాళ్లు అంత బాగా చదివిన మనిషి ఇక్కడ తప్పాడు. ఆ పాట కాళ్లకు సంబంధించింది కాదు గనుక తప్పాడని నాకు అనిపిస్తుంది.

తర్వాతి రోజులు క్లుప్తంగా చెప్పేస్తాను. 1980లలో న్యూయార్క్ వెళ్లి, బ్రూక్లిన్‌లో ఫుల్టన్ స్ట్రీట్ మీద రికార్డుల దుకాణం, స్టూడియో నడిపాడు. అమెరికాలో హార్ట్‌బీట్, లండన్‌లో సోల్ జాజ్ కంపెనీలు పాత పాటలు మళ్లీ వేశాయి, నాలాంటివాళ్లకు అవి చేరింది ఆ ముద్రణల వల్లే. 1990ల చివర్లో తిరిగి వచ్చి బ్రెంట్‌ఫర్డ్ రోడ్డు స్టూడియో మళ్లీ తెరిచాడు. 2004లో ఆ రోడ్డుకే స్టూడియో వన్ బూలవార్డ్ అని పేరు మార్చారు. ఆ వేడుక జరిగిన కొద్ది రోజులకే, మే 4న, స్టూడియోలో పనిలో ఉండగానే గుండెపోటుతో పోయాడు. డెబ్బై రెండేళ్లు.

నీకు పనికొచ్చేది ఏమిటని అడిగావు. సామాను గురించి బెంగ పెట్టుకోకు. ఇవాళ నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది 1963లో ఆయనకి లేదు. నీకు లేనిది ఆయనకి ఉన్నది ఒకటి ఉంది, రోజూ వచ్చి కూర్చునే మనుషులు. నువ్వు ఒక్కడివే బీట్లు పేర్చుకుంటూ కూర్చుంటే రెగే రాదు. ఒక బేస్ అబ్బాయి, ఒక డ్రమ్ము అబ్బాయి వారానికి రెండు సాయంత్రాలు నీ గదికి వచ్చేలా చూడు. మీటరు తిరగనివ్వకు, టీ, టిఫిన్ నువ్వే పెట్టు. ముందు ఆరు నెలలు ఏమీ విడుదల చెయ్యకు. చేసినదాన్ని నలుగురి మధ్య, మామూలు స్పీకర్ల మీద వేసి దూరంగా నిలబడి చూడు.

రెండోది కాగితం. దీనికి నా సంగతే చెప్పాలి. స్టూడియో పెట్టిన కొత్తలో ఒక ఫ్లూట్ ఆయన వచ్చేవారు. వయసులో పెద్దవారు, ఏ పాటకైనా ఒక్క టేకు. కవరులో డబ్బు పెట్టి ఇచ్చేవాణ్ని, ఎంత ఉందో కూడా చూసుకోకుండా జేబులో పెట్టుకునేవారు. ఆయన పోయిన కొన్నేళ్లకు కూతురు ఫోన్ చేసింది. "అంకుల్, నాన్న మీ దగ్గర ఏయే పాటలకు వాయించారో చెబుతారా, రాసిపెట్టుకుంటాం" అంది. ఆ అమ్మాయి డబ్బు అడగలేదు, పేర్లే అడిగింది. నా దగ్గర డబ్బాల నిండా టేపులున్నాయి. డబ్బాల మీద ప్రొడ్యూసర్ పేరు ఉంది, సినిమా పేరు ఉంది, తేదీ ఉంది. ఫ్లూట్ ఎవరో ఒక్కదాని మీదా రాయలేదు. మూడు రోజులు కూర్చుని, విని, ఆ ఊపిరి గుర్తుపట్టి పదకొండు పాటలు రాసి పంపాను. ఇంకెన్ని ఉన్నాయో తేల్చలేకపోయాను. ఇరవై ఏళ్లుగా డాడ్‌ని తప్పుబడుతూ ఉన్నవాణ్ని నేను. నా బీరువాలో ఉన్నదీ అదే తప్పు.

అప్పటి నుంచి ప్రతి సెషన్‌కీ ఒక పేజీ పెట్టాను. తేదీ, ఎవరు ఏం వాయించారు, లైను ఎవరు కట్టారు, ఎంత ఇచ్చాం, ఈ ముక్క ఇంకోచోట వాడితే ఎవరికి ఎంత భాగం. చివర అందరి సంతకాలు. మొదట్లో కుర్రాళ్లు "ఎందుకు సార్ ఇదంతా" అనేవాళ్లు, ఇప్పుడు వాళ్లే అడిగి సంతకం పెడుతున్నారు. ముఖ్యంగా "లైను ఎవరు కట్టారు" అనే గడి వదలకు. వాయించినవాడు వేరు, కట్టినవాడు వేరు కావచ్చు. గొడవలన్నీ అక్కడే వస్తాయి. ఆ పేజీ నమూనా కావాలంటే చెప్పు, ఫోటో తీసి పెడతాను.